కుర్ర వయసులో మెటబాలిక్ సిండ్రోమ్: నడుము కొలత, కొవ్వు శాతం, స్క్రీనింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్నవాళ్లు స్క్రీనింగ్‌కి వచ్చినప్పుడు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. చాలామంది చేతిలో అప్పటికే ఓ అంకె ఉంటుంది. జిమ్‌లో మిషన్ చూపించిన కొవ్వు శాతమో, ఆఫీసు చెకప్‌లో రాసిచ్చిన, బరువును ఎత్తుతో పోల్చి చెప్పే బీఎంఐయో. దాన్ని చూసి కొందరికి రాత్రంతా నిద్ర పట్టదు. ఇంకొందరు "నాకేం లేదు" అని ధీమాగా తిరుగుతుంటారు. ఆ అంకె ఏం చెబుతుందో, ఎక్కడిదాకా చెబుతుందో తెలియకపోవడం వల్లే ఈ రెండూ. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను: కుర్రవాళ్లలో తొలి వడపోతకు మామూలు టేపు చాలు. తీర్పు చెప్పాల్సింది మాత్రం బీపీ మిషను, రక్త పరీక్ష.

మెటబాలిక్ సిండ్రోమ్ అంటే అదొక జబ్బా?

ఒక్క జబ్బు పేరు కాదది. ఒకే మనిషిలో గుంపుగా కనిపించే ఐదు తేడాలకు పెట్టిన ఉమ్మడి పేరు. నడుము చుట్టుకొలత ఎక్కువగా ఉండటం, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు 150 లేదా అంతకు మించి ఉండటం, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ మగవాళ్లలో 40 కంటే, ఆడవాళ్లలో 50 కంటే తక్కువ ఉండటం, బీపీలో పై అంకె 130 గానీ కింది అంకె 85 గానీ చేరడం, పరగడుపు షుగర్ 100 లేదా ఆపైన ఉండటం. వీటిలో ఏ మూడు ఉన్నా మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నట్టే. బీపీకో, షుగర్‌కో మందులు వాడుతూ అంకెలు మామూలుగా ఉన్నా, ఆ అంశం ఉన్నట్టే లెక్క.

2009కి ముందు ఒక్కో సంస్థ ఒక్కో నిర్వచనం చెప్పేది. ప్రపంచ ఆరోగ్య సంస్థది ఒకటి, 2001లో అమెరికా నిపుణుల బృందం ఇచ్చింది మరొకటి, 2005లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్యది ఇంకొకటి. 2009లో పలు సంస్థలు కూర్చుని ఈ ఐదులో మూడు అనే లెక్కకు వచ్చాయి. నడుముకు మాత్రం అందరికీ ఒకే గీత గీయలేదు. దక్షిణాసియా మూలాలున్న మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80. యూరప్ మూలాలున్న మగవాళ్లకు 94 గానీ 102 గానీ, ఆడవాళ్లకు 80 గానీ 88 గానీ వాడతారు.

నాకు 24 ఏళ్లే. ఇప్పటినుంచే ఈ టెన్షన్ ఎందుకు?

టెన్షన్ అక్కర్లేదు, కానీ చూపించుకోవడం మంచిది. ట్రైగ్లిజరైడ్లు పెరిగితే నొప్పి రాదు. బీపీ 134 ఉంటే తల తిరగదు. చాప కింద నీరులా ఏళ్ల తరబడి సాగిపోతుంది.

ఇంకో సంగతి ఉంది, నా దృష్టిలో ఇదే ముఖ్యం. ఈ ఐదు తేడాలూ ఒకేసారి రావు. కుర్రవాళ్లలో తరచుగా ముందు పొట్ట పెరుగుతుంది, తర్వాత ట్రైగ్లిజరైడ్లు పెరిగి హెచ్‌డీఎల్ తగ్గుతుంది. షుగర్ చాలా ఆలస్యంగా బయటపడుతుంది. ఎందుకంటే ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోయినా, ప్యాంక్రియాస్ రెట్టింపు కష్టపడి ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతూ షుగర్‌ని అదుపులోనే ఉంచుతుంది. అది అలసిపోయిన రోజున షుగర్ పైకి లేస్తుంది. "షుగర్ టెస్ట్ నార్మల్ వచ్చింది కదా" అని 25 ఏళ్ల మనిషి సంతోషపడితే, అందరికంటే చివర మాట్లాడే సాక్షి మాటను ముందుగా నమ్మినట్టు.

పొట్టలోని కొవ్వుకూ బీపీ, షుగర్‌లకూ ఏం సంబంధం?

ఫ్రాన్స్‌కు చెందిన జాన్ వాగ్ అనే డాక్టర్ 1947లోనే ఒక విషయం గమనించారు. కొవ్వు ఎంత ఉందన్నదే కాదు, ఎక్కడ చేరిందన్నది కూడా చూడాలని. తుంటి, తొడల్లో కొవ్వు ఉన్నవాళ్లకంటే పొట్ట చుట్టూ ఉన్నవాళ్లలో షుగర్, గుండె జబ్బులు ఎక్కువ కనిపించాయి. 1988లో అమెరికా శాస్త్రవేత్త గెరాల్డ్ రీవెన్ ఈ తేడాలన్నిటి వెనక ఇన్సులిన్ నిరోధకత, అంటే ఇన్సులిన్ ఉన్నా ఒళ్లు దాని మాట సరిగ్గా వినకపోవడం, ఉందని చెప్పి, దానికి సిండ్రోమ్ ఎక్స్ అని పేరు పెట్టారు.

చర్మం కింద ఉండే కొవ్వు పొర ఒక గాదె లాంటిది. మిగిలిన శక్తిని అక్కడ దాచుకున్నంతవరకూ పెద్దగా హాని లేదు. గాదె నిండాక మిగతాది వేరే చోట్లకు పోతుంది: పేగుల చుట్టూ, లివర్‌లోకి, కండరాల్లోకి. పేగుల చుట్టూ ఉన్న కొవ్వు నుంచి వచ్చే రక్తంలో ఎక్కువ భాగం నేరుగా లివర్‌కే వెళ్తుంది. కొవ్వు నిండిన లివర్ ఇన్సులిన్ మాట వినడం మానేసి, అవసరం లేకపోయినా చక్కెర తయారుచేస్తుంది, ట్రైగ్లిజరైడ్లను రక్తంలోకి పంపిస్తుంది. ట్రైగ్లిజరైడ్లు పెరిగితే హెచ్‌డీఎల్ పడిపోతుంది. రక్తంలో ఎక్కువైన ఇన్సులిన్ వల్ల కిడ్నీలు ఉప్పును వెనక్కి లాక్కుంటాయి, బీపీ పెరగడానికి అదొక దారి.

ఈ గాదె అందరికీ ఒకే సైజులో ఉండదు. కొందరికి 30 కిలోలు పెరిగినా సరిపోతుంది, కొందరికి 5 కిలోలకే నిండిపోతుంది. బరువు ఒక్కటే చూస్తే మోసపోయేది ఇక్కడే.

బీఎంఐ చూసుకుంటే సరిపోదా?

బీఎంఐ లెక్క 19వ శతాబ్దంలో బెల్జియం గణిత శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే కట్టింది. ఆయన జనాభాలో సగటు మనిషిని వెతికారు తప్ప రోగిని కాదు. 1972లో యాన్సెల్ కీస్ దానికి బీఎంఐ అనే పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చారు. వేలమందిని పోల్చడానికి ఇప్పటికీ పనికొస్తుంది. ఒక మనిషి దగ్గరకు వచ్చేసరికి తడబడుతుంది. బరువులెత్తే కుర్రాడికి 28 వస్తుంది, అది కండ. రోజంతా కుర్చీలో కూర్చునే కుర్రాడికి 22 వస్తుంది, లోపల కొవ్వు ఉంటుంది.

దీనికి 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక ఫొటో మంచి ఉదాహరణ. పక్కపక్కన ఇద్దరు డాక్టర్లు. ఒకరు పుణేకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన జాన్ యుడ్‌కిన్. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. బీఎంఐని గుడ్డిగా నమ్మేవాళ్లకు నేను ముందు ఈ రెండు అంకెలే చెబుతాను.

ఆసియా జనాభాలో 23 నుంచే ప్రమాదం పెరుగుతుందని, 27.5 దాటితే ఎక్కువ ప్రమాదమని 2004లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు సూచించారు. 25 లోపు ఉన్నాం కదా అని ఊరుకోకూడదు.

మరి ఒక్క కొలతే చూడాలంటే దేన్ని చూడాలి?

నడుము కొలతను ఎత్తుతో పోల్చి చూడండి. నడుము ఎత్తులో సగం లోపు ఉండాలి. ఎత్తు 170 సెంటీమీటర్లయితే నడుము 85 లోపు, 158 అయితే 79 లోపు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ అనే సంస్థ 2022లో ఇదే సలహా ఇచ్చింది: 0.5 నుంచి 0.59 దాకా ప్రమాదం పెరిగినట్టు, 0.6 దాటితే బాగా పెరిగినట్టు.

నాకు ఇది నచ్చడానికి కారణం, పొట్టిగా ఉన్నవాళ్లకు కూడా ఇందులో న్యాయం జరుగుతుంది. 90 సెంటీమీటర్ల నడుము 185 ఎత్తున్న మనిషికీ 158 ఎత్తున్న మనిషికీ ఒకటి కాదు. పైగా ఆడా మగా ఎవరికైనా ఒకే గీత, గుర్తుపెట్టుకోవడం తేలిక.

నడుము అంటే ఎక్కడ కొలవాలి?

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. వేళ్లతో పక్కటెముకల్లో చివరిదాని అంచు తడిమి చూసుకోండి. తర్వాత తుంటి ఎముక పై అంచు. ఈ రెండిటికీ సరిగ్గా మధ్యలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన చోటు ఉంటుంది. అమెరికా పద్ధతిలో తుంటి ఎముక పై అంచు మీదే పెడతారు. రెండు పద్ధతులకూ అంకెలో తేడా వస్తుంది, కాబట్టి ఏదో ఒకటి పట్టుకుని ప్రతిసారీ అక్కడే కొలవాలి.

చొక్కా పైకెత్తి, ఒంటి మీదే టేపు పెట్టాలి. పాదాలు దగ్గరగా, చేతులు పక్కలకు వదిలి నిలబడాలి. టేపు తగలగానే మనిషి తెలియకుండానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటాడు. ఎదుట ఎవరైనా ఉంటే మరీను. అందుకే నేను అంకె చూసే ముందు ఏదో ఒకటి మాట్లాడిస్తాను, "పొద్దున ఎన్నింటికి లేచారు" అనో, ఇంకేదో. జవాబు చెప్పేటప్పుడు ఊపిరి బయటికొస్తుంది, పొట్ట వదులవుతుంది. మామూలుగా ఊపిరి వదిలిన ఆ క్షణంలో టేపు చూస్తాను. ఇంకో తప్పు వెనకవైపు జరుగుతుంది: ముందు టేపు సరిగ్గానే ఉంటుంది, వీపు దగ్గర మాత్రం రెండు వేళ్లు పైకి పోయి ఉంటుంది. అద్దంలో పక్కకు తిరిగి చూసుకోండి, లేదా ఎవరినైనా చూడమనండి. టేపు ఒంటిని తాకాలి, చర్మంలోకి దిగబడకూడదు. రెండుసార్లు కొలిచి, తేడా సెంటీమీటరు దాటితే మళ్లీ కొలవండి.

నా ప్యాంటు సైజు 32. అంటే నడుము 32 అంగుళాలే కదా?

కాదు. ప్యాంటు పొట్ట కింద నిలుస్తుంది, మనకు కావాల్సింది పొట్ట కొలత. పైగా బట్టల మీద రాసిన సైజు, అసలు కొలత ఒకటిగా ఉండవు. పదేళ్లుగా అదే సైజు ప్యాంటు వేసుకుంటూ నడుము మాత్రం పది సెంటీమీటర్లు పెరిగినవాళ్లు ఉంటారు.

నడుము–తుంటి నిష్పత్తి, మెడ కొలత కూడా చూస్తారట?

చూస్తారు. నడుము–తుంటి నిష్పత్తికి మగవాళ్లలో 0.90, ఆడవాళ్లలో 0.85 గీతలు. రెండు కొలతల్లో ఏది తప్పినా ఫలితం తప్పుతుంది, అందుకే స్క్రీనింగ్‌కి నేను దాన్ని ముందు పెట్టను. మెడ కొలత గురకపెట్టేవాళ్లలో, నిద్రలో ఊపిరి ఆగేవాళ్లలో ఎక్కువ పనికొస్తుంది.

మిషన్ నాకు 29 శాతం కొవ్వు చూపించింది. నమ్మాలా?

ముందు ఆ మిషన్ ఏం చేస్తుందో చూద్దాం. అది కొవ్వును కొలవదు. ఒంట్లోకి సన్నటి కరెంటు పంపి, దారిలో ఎంత అడ్డు తగిలిందో కొలుస్తుంది. నీరు, లవణాలు ఉన్న కండలో కరెంటు తేలిగ్గా పోతుంది, కొవ్వులో పోదు. ఆ అడ్డును మీ ఎత్తు, బరువు, వయసు, ఆడా మగా అన్న వివరాలతో కలిపి ఒక సమీకరణంలో వేసి కొవ్వు శాతం అంచనా కడుతుంది. ఆ సమీకరణం ఎవరి ఒళ్లు కొలిచి తయారుచేశారో వాళ్లలాంటి వాళ్లకు బాగా నప్పుతుంది, మిగతావాళ్లకు అంతగా నప్పదు.

చేతులతో పట్టుకునే పిడి లేకుండా, ఊరికే ఎక్కి నిలబడి చూసుకునే మిషన్లలో కరెంటు ఒక పాదం నుంచి ఎక్కి రెండో పాదంలోంచి దిగిపోతుంది. పొట్ట పైభాగం దాకా సరిగ్గా వెళ్లనే వెళ్లదు. మనకు కావాల్సిన చోటును అది ఊహించి చెబుతోందన్నమాట. తెర మీద కనిపించే "విసరల్ ఫ్యాట్ లెవెల్" (పొట్ట లోపలి కొవ్వు స్థాయి) కూడా అలాంటి అంచనాయే.

నీళ్లు తక్కువ తాగి చూసుకుంటే కొవ్వు ఎక్కువ చూపిస్తుంది. తిన్నాక, చెమట పట్టేలా వ్యాయామం చేశాక, నెలసరి రోజుల్లో అంకె మారిపోతుంది. కాబట్టి 29 అన్న ఒక్క అంకెకు విలువ తక్కువ. అదే మిషన్ మీద, పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, వారానికోసారి చూసుకుంటూ మూడు నెలల్లో ఎటు పోతోందో గమనిస్తే అప్పుడు పనికొస్తుంది. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ మిషన్ ఎక్కకూడదు.

కొవ్వు శాతం ఎంత దాటితే ప్రమాదం?

అందరూ ఒప్పుకున్న గీత లేదు. మగవాళ్లకు 25, ఆడవాళ్లకు 35 శాతం అని తరచుగా వాడతారు, వేరే గీతలు వాడేవాళ్లూ ఉన్నారు. మెటబాలిక్ సిండ్రోమ్ ఐదు అంశాల్లో కొవ్వు శాతం లేదు, ఇది గుర్తుంచుకోండి.

అయితే డెక్సా స్కాన్ చేయించుకోనా?

డెక్సా రెండు రకాల ఎక్స్‌రే కిరణాలతో ఎముక, కండ, కొవ్వును విడదీసి చూపిస్తుంది. ఏ భాగంలో ఎంతుందో కూడా చెబుతుంది. రేడియేషన్ చాలా తక్కువ, గర్భిణులు మాత్రం చేయించుకోకూడదు. పరిశోధనకు మంచి సాధనం. మామూలు కుర్రవాళ్ల స్క్రీనింగ్‌కి అవసరం లేదు, ఎందుకంటే డెక్సాలో ఏం వచ్చినా తర్వాత చేయాల్సింది అదే రక్త పరీక్ష. సీటీ స్కాన్‌లో పొట్ట అడ్డుకోత తీసి లోపలి కొవ్వు వైశాల్యం కొలుస్తారు, జపాన్‌లో 100 చదరపు సెంటీమీటర్లను గీతగా పెట్టుకున్నారు. కానీ ఏ బాధా లేని మనిషికి దీనికోసం సీటీ రేడియేషన్ ఇవ్వడం సబబు కాదు.

నడుము గీత దాటింది. సిండ్రోమ్ వచ్చేసినట్టేనా?

లేదు. ఒక లెక్క చేసి చూపిస్తాను, ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలు. 1000 మంది కుర్రవాళ్లలో 50 మందికి సిండ్రోమ్ ఉందనుకోండి. ఉన్నవాళ్లలో నూటికి 80 మందిని పట్టుకునే, లేనివాళ్లలో నూటికి 80 మందిని వదిలేసే కొలత ఒకటి ఉందనుకుందాం. ఉన్న 50 మందిలో 40 మందిని పట్టుకుంటుంది, 10 మంది తప్పించుకుంటారు. లేని 950 మందిలో 190 మందిని అనవసరంగా అనుమానిస్తుంది. మొత్తం అనుమానితులు 230. వాళ్లలో నిజంగా ఉన్నది 40 మందికి, అంటే దాదాపు ఆరుగురిలో ఒకరికి.

వయసు తక్కువ కాబట్టి ఉన్నవాళ్లు తక్కువ, అందుకే అనవసరపు అనుమానాలు ఎక్కువ. "మీకు సిండ్రోమ్ ఉంది" అని టేపు చూసి చెప్పడం తప్పు. "మీరు రక్త పరీక్ష చేయించుకోండి" అని చెప్పడమే సరైన మాట. ఆ 190 మందికీ నష్టం లేదు, ఒక పరీక్ష అవుతుంది. తప్పిపోయిన 10 మంది గురించే నాకు ఎక్కువ బెంగ.

ఫలానా కొలత 90 శాతం కచ్చితం అని చదివాను. నిజమేనా?

అలాంటి మాట కనిపిస్తే రెండు విషయాలు చూడండి. నడుము కొలత సిండ్రోమ్ ఐదు అంశాల్లో ఒకటి. అదే కొలతతో సిండ్రోమ్‌ను పట్టుకోగలమా అని పరీక్షిస్తే, జవాబు పత్రం దిద్దే మనిషే పరీక్ష రాసినట్టు అవుతుంది. 2005 నిర్వచనంలోనైతే నడుము ఎక్కువ ఉండటం తప్పనిసరి, ఇక నడుముకు మంచి మార్కులు రాకుండా ఎలా ఉంటాయి? మిగతా నాలుగు అంశాలనే లెక్కలోకి తీసుకుని, వాటిలో రెండో మూడో ఉన్నవాళ్లను ఈ కొలత పట్టుకుందా అని చూసిన అధ్యయనాన్ని నేను ఎక్కువ నమ్ముతాను.

రెండోది, గీత ఎక్కడ గీశారు? ఒక గుంపులో అందరినీ కొలిచి, వాళ్లకు బాగా నప్పే చోట గీత గీసి, మళ్లీ ఆ గుంపులోనే పరీక్షిస్తే ఫలితం అందంగానే వస్తుంది. వేరే గుంపులోకి తీసుకెళ్తే తగ్గుతుంది.

నేను సన్నగానే ఉన్నాను. నాకు రక్త పరీక్ష అక్కర్లేదు కదా?

అమ్మకో నాన్నకో షుగర్ ఉంటే, గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి ఉంటే, పీసీఓఎస్ (ఆడవాళ్లలో అండాశయాలకు, హార్మోన్లకు సంబంధించిన సమస్య) ఉంటే, మెడ వెనకా చంకల్లో చర్మం నల్లగా మందంగా మారితే, స్టీరాయిడ్లు లేదా కొన్ని మానసిక వైద్యపు మందులు చాలాకాలం వాడుతుంటే, నడుము ఎంతున్నా సరే డాక్టర్‌ని కలిసి పరీక్ష చేయించుకోండి. బీపీ మాత్రం 18 నిండిన ప్రతి ఒక్కరూ చూపించుకోవాల్సిందే.

ఏయే పరీక్షలు?

పరగడుపు షుగర్, రక్తంలోని కొవ్వులు చూసే లిపిడ్ ప్రొఫైల్, బీపీ. ఈ మూడిటితో నడుము కాక మిగతా నాలుగు అంశాలూ తేలిపోతాయి. గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా చేయిస్తే మంచిది. అది 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ గుమ్మం దగ్గర ఉన్నట్టు, 6.5 చేరితే షుగర్ వ్యాధి అనుమానించి మరో పరీక్షతో నిర్ధారిస్తారు. పరగడుపు షుగర్‌కు ఆ గీత 126.

బీపీకి ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాక, వీపు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి చూడాలి. మెట్లెక్కి వచ్చిన వెంటనే చూస్తే ఎవరికైనా పెరుగుతుంది. లావు చేతికి చిన్న పట్టీ కడితే కూడా లేని బీపీ కనిపిస్తుంది, పెద్ద పట్టీ అడగడానికి మొహమాటపడకండి.

పొద్దున టీ తాగేశాను. పరవాలేదా?

షుగర్, ట్రైగ్లిజరైడ్ల కోసమైతే ఇంకో రోజు రండి. కనీసం 8 గంటలు నీళ్లు తప్ప ఏమీ తీసుకోకుండా ఉండాలి. హెచ్‌బీఏ1సీకి ఆ నియమం లేదు.

ఐదులో రెండే వచ్చాయి. గండం గడిచినట్టేనా?

మూడు అన్నది నిపుణులు కూర్చుని పెట్టుకున్న గీత. ఒంట్లో అలాంటి గీత ఏమీ ఉండదు. 22 ఏళ్లకే ట్రైగ్లిజరైడ్లు 190, నడుము 93 ఉంటే ఆ మనిషి దారి ఎటో తెలుస్తూనే ఉంది. పైగా పొగ తాగడం, చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ ఈ ఐదులో లేవు, గుండెకు మాత్రం అవి చాలా ముఖ్యం. ఒక్క బీపీయే ఎక్కువగా ఉన్నా దానికదే చూడాల్సిన విషయం.

ఎంత తగ్గితే ఫలితం ఉంటుంది?

అనుకున్నంత ఎక్కువేం అక్కర్లేదు. షుగర్ వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్ల మీద అమెరికాలో జరిగిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2002లో వచ్చాయి. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు వ్యాయామం, ఇవే లక్ష్యాలు. మూడేళ్లు నిండకముందే షుగర్ బారిన పడేవాళ్లు 58 శాతం తగ్గారు. మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గింది 31 శాతం. 80 కిలోల మనిషికి 7 శాతమంటే సుమారు ఐదున్నర కిలోలు.

వ్యాయామం మొదలుపెట్టాక బరువు కదలకపోయినా నడుము తగ్గొచ్చు, లోపలి కొవ్వు కరుగుతుంది కాబట్టి. బరువు మిషన్ చూసి నీరసపడి మానేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ నెలల్లో టేపును చూడండి.

ఎన్నాళ్లకోసారి చూసుకోవాలి?

నడుము మూడు నెలలకోసారి చాలు. రక్త పరీక్షలు అన్నీ బాగుంటే మూడేళ్లకోసారి, షుగర్ గుమ్మం దగ్గరుంటే ఏడాదికోసారి. గర్భంతో ఉన్నప్పుడు, ప్రసవమైన తొలి నెలల్లో నడుము కొలతకు అర్థం లేదు, వదిలేయండి.

మా అమ్మాయి ఆ అంకె చూసినప్పటినుంచి సరిగ్గా తినడం లేదు. ఏం చేయాలి?

ముందు కొలవడం ఆపేయండి. టేపు, మిషన్ కళ్లముందు లేకుండా తీసేయండి. భోజనం మానేయడం, తిన్నది కక్కేయడం, రోజుకు నాలుగైదుసార్లు బరువు చూసుకోవడం లాంటివి కనిపిస్తే మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి, అది మెటబాలిక్ సిండ్రోమ్ కంటే ముందు చూడాల్సిన సమస్య. కొలిచేవాళ్లకు కూడా నా మనవి: నలుగురిలో అంకె పైకి చదవకండి. తెర చాటున కొలిచి, కాగితం మీద రాసి, ఆ మనిషి చేతికే ఇవ్వండి.

ఇంట్లో టేపు లేదు. ఎలా?

సాగని దారం తీసుకోండి. మడమ నుంచి నడినెత్తి దాకా మీ ఎత్తుకు సరిపడా తెంపండి. దాన్ని సగానికి మడిచి, మడత దగ్గర కోసేయండి. ఆ సగం దారాన్ని పైన చెప్పిన చోట నడుము చుట్టూ తిప్పండి, మామూలుగా ఊపిరి వదలండి. రెండు కొసలూ తేలిగ్గా కలిస్తే ఇప్పటికి సరే. కలవకపోతే వచ్చే వారంలో ఒక రోజు పొద్దున్నే పరగడుపున వెళ్లి రక్తం ఇచ్చి, బీపీ చూపించుకుని రండి.